డ్రాఫ్ట్ నంబరు ఎంసెట్ ర్యాంకు కాదు: ఐస్ హాకీలో ఒక ఫార్వర్డ్ తయారయ్యే తీరు

క్లుప్తంగా: ఉత్తర అమెరికా ఐస్ హాకీలో 18 ఏళ్ల కుర్రాణ్ని పెద్ద లీగ్ జట్టు డ్రాఫ్ట్ అనే వార్షిక ఎంపికలో తీసుకున్నా, అతను ఆ జట్టు జెర్సీ వేసుకుని రింక్‌లోకి, అంటే ఐస్ మైదానంలోకి, దిగడానికి చాలాసార్లు రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. ఎంపికైన వాళ్లలో ఎందరికో ఆ అవకాశం అసలు రాదు. మధ్యలో గడిచే ఆ ఏళ్లు ఎందుకు, గోల్స్ కొట్టే పనిలో ఉన్న ఫార్వర్డ్‌కు అవి ఎందుకంత ముఖ్యం, హైదరాబాద్‌లో చక్రాల మీద హాకీ నేర్చుకునే పిల్లలకు ఇందులో అందేది ఎంత అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు.

హైదరాబాద్‌లో హాకీ అనగానే గుర్తొచ్చేది టర్ఫ్ మీద ఆడే ఆట. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఈ ఊరివాడే. ఐస్ హాకీ ఇక్కడి ఇళ్లలోకి వచ్చిన దారి వేరు. అది అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ఫోన్ వీడియోల్లోంచి వచ్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కో పట్టణంలోనే డాలస్ స్టార్స్ జట్టు ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ రింక్ ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల కోసం స్టార్‌సెంటర్ల పేరుతో ఆ జట్టే రింకులు నడుపుతోంది. అందుకే కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఉన్న తాతయ్య, అమ్మమ్మల ఫోన్లలో హెల్మెట్, ప్యాడ్లతో గుర్తుపట్టలేనట్టున్న మనవడి వీడియోలు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. డాలస్‌లో రాత్రి 7 గంటలకు మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ కాఫీ వేళకు వస్తుంది. సీజన్‌ను బట్టి తెల్లవారి 5.30కో 6.30కో అన్నమాట.

అలా చూడటం మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా ఎదురయ్యే సందేహం ఒకటుంది. జూన్‌లో ఫలానా కుర్రాణ్ని ఫలానా జట్టు తీసుకుందని పెద్ద వార్త వస్తుంది. అక్టోబర్ వచ్చేసరికి అతను మళ్లీ పాత జూనియర్ జట్టులోనే ఆడుతుంటాడు. "తీసుకుని మళ్లీ పంపేశారేంటి, ఫెయిలయ్యాడా?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఫెయిలవలేదు. ఆ పద్ధతే అంత.

వేలంలో ధర పలుకుతుంది, డ్రాఫ్ట్‌లో వరుస నడుస్తుంది

మనకు బాగా తెలిసిన పద్ధతి ఐపీఎల్ వేలం. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 2022 వేలంలో 19 ఏళ్ల వయసులో రూ. 1.70 కోట్లకు అమ్ముడుపోయాడు. ఆ సీజన్‌లోనే ముంబై తరఫున బ్యాటింగ్ చేశాడు. ఎంపిక, డబ్బు, మైదానం, ఈ మూడూ కొన్ని వారాల్లోనే అయిపోయాయి. మన కళ్లు దానికే అలవాటు పడ్డాయి.

నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, డ్రాఫ్ట్‌లో ఎవరూ పాట పాడరు. 32 జట్లు ఒకదాని తర్వాత ఒకటి తమ వంతులో ఒక్కో కుర్రాణ్ని ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్లకు ముందు వంతులు వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేలా లాటరీ తీస్తారు. 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. ఎంపికైన రోజు కుర్రాడి చేతికి రూపాయి కూడా రాదు. అతనితో ఒప్పందం మాట్లాడుకునే హక్కు ఆ ఒక్క జట్టుకే ఉంటుంది, అంతే. ఆ ఒప్పందం ఏడాది తర్వాత కుదరొచ్చు, మూడేళ్ల తర్వాత కుదరొచ్చు, అసలు కుదరకపోనూవచ్చు.

కుదిరాక కూడా 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేసినవారి తొలి ఒప్పందం మూడేళ్లదే, జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఇంకో వైపు 2025-26 సీజన్‌లో ఒక జట్టు మొత్తం జీతాలు 95.5 మిలియన్ డాలర్లు దాటకూడదు. ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే జట్ల లెక్క తెలిసిపోతుంది. తక్కువ జీతంతో దొరికే ఆ మూడేళ్లూ కుర్రాడు బాగా ఆడే దశలో రావాలి, నేర్చుకునే దశలో కరిగిపోకూడదు. జట్టు ఓపిక వెనక ఆట గురించిన ఆలోచన ఎంతుందో ఈ లెక్కా అంతే ఉంది.

ర్యాంకులా చదివితే వచ్చే చిక్కు

మన ఇళ్లలో నంబరు అంటే ర్యాంకే. ఎంసెట్‌లో 39వ ర్యాంకు వచ్చిన పిల్లాడు 135వ ర్యాంకు పిల్లాడి కంటే ఆ పరీక్ష మెరుగ్గా రాశాడు. అది అయిపోయిన పరీక్షకు వచ్చిన ఫలితం. డ్రాఫ్ట్ నంబరు ఇంకా రాయని పరీక్ష మీద వేసిన అంచనా. 17, 18 ఏళ్ల పిల్లాడు 23 ఏళ్లకు ఎలా ఉంటాడో స్కౌట్లు, అంటే జట్ల కోసం కుర్రాళ్లను వెతికేవాళ్లు, ఊహిస్తారు. ఎముక ఇంకా ముదరని వయసు, ఒళ్లు ఇంకా పెరుగుతున్న వయసు. ఆ ఊహ తరచూ తప్పుతుంది.

కిరిల్ కప్రిజోవ్‌ను 2015లో మిన్నెసోటా జట్టు 135వ వంతులో తీసుకుంది. అయిదేళ్లు రష్యాలోనే ఆడి, 2020-21 సీజన్‌లో అమెరికా వచ్చి, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు గెలిచాడు. 2025 సెప్టెంబర్‌లో 8 ఏళ్లకు 136 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికి లీగ్ చరిత్రలో అంత పెద్ద ఒప్పందం లేదు. దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన కథ నెయిల్ యకుపోవ్‌ది. 2012లో మొదటి వంతులోనే ఎంపికైన ఈ ఫార్వర్డ్ ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్ 2018కల్లా ముగిసింది.

ఈ రెండిటి మధ్య ఇంకో రకం ఉంది. 2019లో మొదటి వంతులో ఎంపికైన జాక్ హ్యూస్ తొలి సీజన్‌లో 61 మ్యాచ్‌లకు 21 పాయింట్లే చేశాడు. గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా ఒక్కో పాయింట్. ఆ సీజన్ చూసి ఇతని పని అయిపోయిందని రాసినవాళ్లున్నారు. 2022-23లో అదే హ్యూస్ 99 పాయింట్లు చేశాడు. తొలి ఏడాది లెక్కలు చూసి ఫార్వర్డ్ మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

పుట్టిన తేదీ కూడా నంబరును మార్చేస్తుంది. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హత. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది. ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి పెద్దవాళ్ల లీగ్‌లో ఆడి, 2016లో మొదటి వంతులో ఎంపికయ్యాడు. తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లోనే 4 గోల్స్ కొట్టాడు. అంటే ఒకే డ్రాఫ్ట్‌లో పోటీపడే ఇద్దరి మధ్య దాదాపు ఏడాది వయసు తేడా ఉండొచ్చు. ఆ వయసులో ఏడాదంటే ఒంట్లో చాలా తేడా.

ఈ తేడా ఇంకా చిన్నప్పుడే మొదలవుతుంది. కెనడాలో పిల్లల హాకీకి వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టిన పిల్లాడు, డిసెంబర్‌లో పుట్టిన పిల్లాడు ఒకే జట్టు కోసం పోటీ పడతారు. పెద్దగా కనిపించేవాణ్ని మంచి జట్టులోకి తీసుకుంటారు. మంచి జట్టులో మంచి కోచ్, ఎక్కువ ఐస్ టైమ్ దొరుకుతాయి. అలా ఏడాదికేడాది దూరం పెరుగుతుంది. జూనియర్ లీగుల్లో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లు విపరీతంగా ఎక్కువని 1980లలోనే అక్కడి పరిశోధకులు చూపించారు. ఏడాది చివర్లో పుట్టి కూడా డ్రాఫ్ట్ దాకా వచ్చినవాళ్లు తమ నంబరును మించి రాణించారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వెనక ఉండి నెట్టుకొచ్చినవాడు గట్టిపడతాడు కాబోలు.

18 నుంచి 20 దాకా

కెనడా జూనియర్ హాకీలో మూడు పెద్ద లీగులున్నాయి: ఒంటారియో, వెస్టర్న్, క్విబెక్ మారిటైమ్స్. 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడతారు. చాలామంది 16 ఏళ్లకే ఇల్లు వదిలి, జట్టున్న ఊళ్లో ఇంకో కుటుంబంతో ఉంటారు. అలా ఆశ్రయమిచ్చే ఇంటిని బిల్లెట్ అంటారు. పదో తరగతి అవగానే పిల్లల్ని ఇంటర్ హాస్టల్లో వేసే హైదరాబాద్ తల్లిదండ్రులకు ఆ ఎడబాటు కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే అక్కడ పిల్లాడు హాస్టల్ గదికి బదులు ఒకరి ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటాడు. ఆ ఊరి స్కూల్లో చదువూ సాగుతుంది. ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది పైచదువు ఫీజు లీగ్ ఇచ్చే ఏర్పాటు ఉంది.

ఇక ఆ పంపేయడం సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ కింద అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్, ఉంది. అందులోనూ 32 జట్లే. ఒక్కోటి ఒక్కో పెద్ద జట్టుకు అనుబంధం. అక్కడ ఆడేవాళ్లు ఎదిగిన మగవాళ్లు, వృత్తి ఆటగాళ్లు. ఈనాటి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లలో నూటికి దాదాపు 90 మంది అందులో ఆడి వచ్చినవాళ్లేనని ఆ లీగ్ చెప్పుకుంటుంది. అయితే కెనడా జూనియర్ నుంచి ఎంపికైన 18, 19 ఏళ్ల కుర్రాణ్ని ఏహెచ్‌ఎల్‌కు పంపడానికి లీగుల మధ్య ఒప్పందం ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఉంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంచాలి, లేదంటే జూనియర్‌కే తిప్పి పంపాలి. మేటి ఆటగాళ్లు వెళ్లిపోతే జూనియర్ జట్లు చూసేవాళ్లు లేక నష్టపోతాయన్నది దాని వెనక కారణం. 2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే ఎన్‌హెచ్‌ఎల్, ఆటగాళ్ల సంఘం ఒప్పందంలో దీన్ని కొంత సడలించి, జట్టుకు ఒక 19 ఏళ్ల ఆటగాణ్ని ఏహెచ్‌ఎల్‌కు పంపుకునే వీలు పెట్టారు.

మరో నిబంధన 9 మ్యాచ్‌లది. సంతకం చేసిన 18, 19 ఏళ్ల కుర్రాణ్ని 9 మ్యాచ్‌ల దాకా ఆడించి వెనక్కి పంపితే, ఒప్పందంలోని మొదటి ఏడాది ఖర్చయినట్టు కాదు. పదో మ్యాచ్‌తో ఆ ఏడాది లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే అక్టోబర్ చివర్లో "9 మ్యాచ్‌లు ఆడించి పంపేశారు" అన్న వార్తలు వరసగా వస్తాయి. దాన్ని అవమానంగా చదవక్కర్లేదు. కుర్రాడికి అది పెద్దవాళ్ల వేగాన్ని ఒంటితో రుచి చూసొచ్చే అవకాశం.

మూడో దారి కాలేజీ. జూనియర్ లీగులు భత్యం ఇస్తాయి, ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం ఉన్నవాళ్లు కూడా అందులో ఆడతారు. అందుకని ఒకప్పుడు కెనడా జూనియర్‌లో ఆడినవాళ్లను వృత్తి ఆటగాళ్లుగా లెక్కగట్టి అమెరికా కాలేజీలు తీసుకునేవి కావు. 2025 ఆగస్టు 1 నుంచి ఆ తలుపు తెరుచుకుంది. 16 ఏళ్లకు జూనియర్, 18కి కాలేజీ, ఆపైన వృత్తి లీగ్ అన్న కొత్త వరస అప్పటి నుంచి కుదిరింది. కాలేజీలో మ్యాచ్‌లు తక్కువ, వ్యాయామానికి రోజులు ఎక్కువ. ఎదుటివాళ్లు 22, 23 ఏళ్లవాళ్లు. సన్నగా ఉన్న ఫార్వర్డ్‌కు ఇది బాగా నప్పే దారి.

గోల్స్ కొట్టేవాడు ఇంకేం నేర్చుకోవాలి

రింక్‌లో ఒక్కో జట్టుకు ఆరుగురు: ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్, ఒక గోలీ, అంటే గోల్ కీపర్. ముగ్గురు ఫార్వర్డ్‌ల బృందాన్ని లైన్ అంటారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ వింగర్లు. ఒక్కో లైన్ ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బెంచీకి వస్తుంది, ఇంకో లైన్ దూకుతుంది. అలా నాలుగు లైన్లు, మ్యాచ్‌కు 12 మంది ఫార్వర్డ్‌లు. 32 జట్లకు కలిపి 384 చోట్లు. ఏటా డ్రాఫ్ట్ అయ్యే 224 మందిలో సగానికి పైగా ఫార్వర్డ్‌లే. పాతవాళ్లు పదేళ్లు, పదిహేనేళ్లు కదలరు. ఇరుకు ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. జూనియర్‌లో మేటి గోల్ స్కోరర్ మ్యాచ్‌కు 20 నిమిషాలకు పైగా ఆడతాడు. ప్రత్యర్థి ఒకరు పెనాల్టీ మీద బయట కూర్చున్నప్పుడు వచ్చే పవర్ ప్లేలో తప్పకుండా అతనే ఉంటాడు. పెద్ద లీగ్‌లో అలాంటి పాత్ర మొదటి రెండు లైన్లకే, అంటే ఆరుగురికే దొరుకుతుంది. మూడు, నాలుగు లైన్లవాళ్ల పని వేరు. ప్రత్యర్థి మేటి లైన్‌ను ఆపాలి, తమవాడు పెనాల్టీలో ఉన్నప్పుడు గోల్ పడకుండా కాయాలి, పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, దూసుకొస్తే ఒళ్లు అడ్డం పెట్టాలి. నాలుగో లైన్‌కు దొరికేది చాలాసార్లు పది నిమిషాలే. 15 ఏళ్లుగా గోల్స్ కొట్టడమే తన పని అనుకున్న కుర్రాడు 20 ఏళ్లకు ఈ కొత్త పని నేర్చుకోవాలి. నేర్చుకోనివాడు పై ఆరుగురిలో చోటు రాక, కింది ఆరుగురిలో పనికిరాక మధ్యలో నిలిచిపోతాడు. చాలామంది మంచి స్కోరర్ల కెరీర్ ఆగేది ఇక్కడే.

లీగ్ మారితే గోల్ విలువా మారుతుంది. హైదరాబాద్ క్లబ్ లీగ్‌లో కొట్టిన సెంచరీనీ రంజీలో కొట్టిన సెంచరీనీ ఎవరూ ఒకే తక్కెడలో తూచరు. హాకీ విశ్లేషకులు కూడా ఒక్కో లీగ్ పాయింట్లను ఒక్కో గుణకంతో తగ్గించి పోలుస్తారు. పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోయేది సమయం. జూనియర్‌లో పక్ అందాక తలెత్తి చూసి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. పెద్ద లీగ్‌లో పక్ రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసి, ఎవరెక్కడున్నారో బుర్రలో వేసుకుని ఉండాలి. అందుకే స్కౌట్లు చివరి షాట్ కంటే ముందు మూడు అడుగులు చూస్తారు: నిలబడ్డ చోటు నుంచి ఎంత తొందరగా వేగం అందుకుంటున్నాడు, మలుపులో వేగం పోగొట్టుకుంటున్నాడా, తల పైకే ఉందా.

రాబర్ట్‌సన్ నడిచిన దారి

ఇదంతా ఒక్కడి కథలో చూడాలంటే డాలస్ స్టార్స్ వింగర్ జేసన్ రాబర్ట్‌సన్ చక్కగా సరిపోతాడు. పుట్టింది ఎండల కాలిఫోర్నియాలో. తల్లిది ఫిలిప్పీన్స్ మూలం. పిల్లలు చిన్నగా ఉండగానే ఆ కుటుంబం హాకీ బలంగా ఉన్న మిషిగన్‌కు మారింది. 2017లో స్టార్స్ అతన్ని 39వ వంతులో, రెండో రౌండ్‌లో తీసుకుంది. చేతులు అద్భుతం, స్కేటింగ్ నెమ్మది అన్నది అప్పటి మాట.

తర్వాత రెండు సీజన్లు ఒంటారియో జూనియర్ లీగ్‌లోనే ఆడాడు. 2018-19లో 117 పాయింట్లతో ఆ లీగ్ మొత్తంలో మొదటివాడు. అయినా జట్టు అతన్ని నేరుగా పైకి తీసుకోలేదు. 2019-20 సీజన్ దాదాపు అంతా ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో ఉండే అనుబంధ జట్టులో గడిచింది. అక్కడ 60 మ్యాచ్‌ల్లో 25 గోల్స్. పెద్ద జట్టుకు ఆడింది మూడే మ్యాచ్‌లు. 2020-21లో చోటు స్థిరపడింది, ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో కప్రిజోవ్ తర్వాత రెండో స్థానం వచ్చింది. ఆ ఏడాది మొదటి ఇద్దరూ మొదటి రౌండ్ వాళ్లు కాకపోవడం గమనించాల్సిన విషయం. 2022-23లో 109 పాయింట్లు చేశాడు. 1993లో ఆ జట్టు డాలస్‌కు వచ్చాక ఒక్క సీజన్‌లో ఇన్ని ఎవరూ చేయలేదు.

ఎంపికకూ స్థిరమైన చోటుకూ మధ్య మూడు సీజన్లు. స్కేటింగ్ బాగుపడటానికి, ఒళ్లు గట్టిపడటానికి, పెద్దవాళ్ల మధ్య ఓడి నేర్చుకోవడానికి ఆ మూడేళ్లూ పట్టాయి. పేరే రాకుండా పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. కెనడాలో సర్రీ పట్టణపు పంజాబీ కుటుంబానికి చెందిన అర్ష్‌దీప్ బెయిన్స్‌ను ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ తీసుకోలేదు. 2021-22లో వెస్టర్న్ లీగ్‌లో 112 పాయింట్లతో అందరికంటే ముందు నిలిచాడు, ఆ సీజన్‌లోనే వాంకూవర్ జట్టు ఒప్పందం ఇచ్చింది. అనుబంధ జట్టులో ఆడుతూ 2024 ఫిబ్రవరిలో తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు.

చక్రాల మీద నుంచి ఐస్ మీదకు

హైదరాబాద్‌లో పూర్తి కొలతల ఐస్ రింక్ నిలబెట్టడం మాటలు కాదు. 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు కాంక్రీట్ నేల కింద గొట్టాలు పరిచి, సున్నా కంటే బాగా చల్లబరిచిన ఉప్పునీటి లాంటి ద్రవాన్ని రాత్రింబవళ్లు తిప్పాలి. పైన అంగుళం, అంగుళంన్నర మందాన ఐస్ కట్టాలి. మేలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలం వస్తే గాలిలో తేమ ఐస్ మీద పొగమంచులా దిగుతుంది, దాన్ని తీసేయడానికి వేరే యంత్రాలు కావాలి. కరెంటు బిల్లు ఒక్కటే చాలు ఈ ఆలోచనను ఆపడానికి. దేశంలో ఈ ఆట గుండెకాయ లద్దాఖ్. అక్కడ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు, లేహ్‌లో కృత్రిమ రింక్ కూడా ఉంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన డెహ్రాడూన్ రింక్ ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ వాడకంలోకి వచ్చింది. ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే ఉన్న మహిళల జాతీయ జట్టు 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. వాళ్లలో చాలామందికి ఏడాదికి దొరికిన ఐస్ రెండు మూడు నెలలే.

ఇక్కడ ఉన్నది చక్రాల సంప్రదాయం. ఇందిరా పార్క్ రింక్ లాంటి చోట్ల తరాల పిల్లలు స్కేటింగ్ నేర్చుకున్నారు. 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చి, 2015లో అర్జున అందుకున్న అనూప్ కుమార్ యామా హైదరాబాదీయే. అతనిది హాకీ కాదు, ఆర్టిస్టిక్ స్కేటింగ్. అయినా చక్రాల మీద ఈ ఊరి పిల్లలు ఎంతదూరం వెళ్లగలరో చెప్పడానికి ఆ పేరు చాలు.

చక్రాల హాకీలో రెండు రకాలున్నాయి, తల్లిదండ్రులు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. నాలుగు మూలలా చక్రాలుండే క్వాడ్ స్కేట్లు, పొట్టి వంపు కర్ర, బంతితో ఆడేది రోలర్ హాకీ. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్లు, పొడవాటి స్టిక్, పక్‌తో ఆడేది ఇన్‌లైన్ హాకీ. ఐస్ హాకీకి దగ్గరిది రెండోది. ఒక్కో వైపు గోలీ కాక నలుగురే ఉంటారు, ఒంటితో గుద్దడం ఉండదు. కాబట్టి పక్ ఎక్కువసేపు స్టిక్ మీదే ఉంటుంది. చేతుల నేర్పు, పాస్ కోణం, తలెత్తి ఆడే అలవాటు చక్రాల మీదే వచ్చేస్తాయి. రానిది ఆగడం. ఐస్ బ్లేడుకు రెండు అంచులుంటాయి. పాదాన్ని అడ్డం తిప్పి ఆ అంచుతో ఐస్‌ను గీరుతూ క్షణంలో ఆగొచ్చు, అదే అంచు మీద ఇంకో దిక్కుకు దూకొచ్చు. చక్రం అలా జారదు. ఇన్‌లైన్ నుంచి వచ్చినవాడు ఐస్ మీద తొలి నెలల్లో కష్టపడేది ఇందుకే. దాన్ని వీడియోలు చూసి నేర్చుకోలేం, ఐస్ మీద గంటలు గడపాల్సిందే.

ఆ కష్టం దాటినవాళ్లలో సెయింట్ లూయిస్ కుర్రాడు ప్యాట్ మరూన్ ఒకడు. ఐస్‌తో పాటు ఇన్‌లైన్ కూడా ఆడుతూ పెరిగాడు. 2007లో 161వ వంతులో ఎంపికయ్యాడు. స్కేటింగ్ నెమ్మదన్న మాట అతన్నీ వదల్లేదు. పెద్ద లీగ్‌లో స్థిరపడేసరికి 25 ఏళ్లు వచ్చాయి. గోల్ ముందు నిలబడి తోపులాటలో పక్‌ను నెట్టేవాడిగా తన పని తాను వెతుక్కుని, 2019, 2020, 2021లలో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌ను వరసగా మూడుసార్లు గెలిచాడు.

చిన్న చోటు కూడా లోటు కానక్కర్లేదు. మాథ్యూస్ పెరిగింది అరిజోనా ఎడారిలో. చిన్నప్పుడు ఎక్కువగా ఆడింది మామూలు రింక్ కంటే బాగా చిన్నదాని మీద, ముగ్గురి మీద ముగ్గురు. అమెరికా హాకీ సంఘం 2009లో తెచ్చిన శిక్షణ పద్ధతి కూడా 8 ఏళ్లలోపు పిల్లల్ని రింక్‌కు అడ్డంగా, చిన్న ముక్కలో ఆడించమంటుంది. పెద్ద రింక్‌లో పరుగే మిగులుతుంది. చిన్నదాంట్లో ప్రతి పిల్లాడికీ పక్ పదేపదే అందుతుంది. 11, 12 ఏళ్ల పిల్లల ఆటలో గుద్దుకోవడాన్ని కూడా 2011లో అక్కడ నిషేధించారు. భయం లేకుండా చేతులు, కళ్లు తయారయ్యే వయసు అదేనన్నది దాని వెనక ఆలోచన.

ఫ్రిస్కో నుంచి ఫోన్ వచ్చి, "తాతయ్యా, నన్ను రెండో లైన్ నుంచి మూడో లైన్‌కు మార్చారు" అని మనవడు దిగులుగా చెబితే, ఇక్కణ్నుంచి అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడిస్తున్నారు? పెనాల్టీ కాసేటప్పుడు నిన్ను పంపుతున్నారా? రెండో ప్రశ్నకు జవాబు అవునైతే, గోల్ అక్కర్లేని పనికి కూడా కోచ్ అతన్ని నమ్ముతున్నాడన్నమాట.